పాలకూరలో దశాంశ బిందువు

పాలకూర తింటే ఒంట్లో రక్తం పడుతుందని మన ఇళ్లలో చెబుతారు. కాస్త సైన్సు పుస్తకాలు తిరగేసినవాళ్లు దానికి ఒక పిట్టకథ జోడిస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో ఓ జర్మన్ రసాయన శాస్త్రవేత్త పాలకూరలో ఇనుమెంతో లెక్కగట్టి రాసుకునేటప్పుడు దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగిందట. దాంతో ఉన్నదానికి పదిరెట్లు ఇనుము ఉన్నట్టు లోకమంతా నమ్మిందట. కార్టూన్ వీరుడు పొపాయ్ డబ్బాలకు డబ్బాలు పాలకూర మింగింది ఆ చుక్క పుణ్యమేనట. కథ బాగుంది. చిన్న తప్పు ఎంత దూరం పోతుందో చెప్పడానికి తరగతి గదుల్లో వాడుకునేంత బాగుంది. ఒకటే లోపం: చుక్క జరిగినట్టు ఆధారం ఎక్కడా లేదు.

నార్వేకు చెందిన మానవశాస్త్ర పరిశోధకుడు ఒలే బ్యోర్న్ రెక్‌డాల్ ఈ కథ పుట్టుపూర్వోత్తరాలు తవ్వి 2014లో ‘సోషల్ స్టడీస్ ఆఫ్ సైన్స్’ జర్నల్‌లో రాశాడు. ఆయన తవ్వకం 1995 నాటి ఒక వ్యాసంలోని వాక్యం దగ్గర మొదలైంది. పాలకూర అపోహకు దశాంశ బిందువే కారణమని ఆ వాక్యం చెప్పి, హాంబ్లిన్, 1981 అని ఆధారం చూపింది. ఆ హాంబ్లిన్ వ్యాసం ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ క్రిస్మస్ సంచికలో వచ్చింది. ఆ పత్రిక ఏటా ఆ సంచికలో కొంచెం సరదా రచనలకు చోటిస్తుంది. పాలకూర సంగతి అందులో రెండు మూడు వాక్యాలే. 1930లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు పాత తప్పును పట్టుకున్నారని ఉంది. ఏ జర్మన్లు, ఏ పత్రంలో అన్నది లేదు. ఆ తర్వాత బ్రిటన్‌కు చెందిన నేరశాస్త్ర పరిశోధకుడు మైక్ సట్టన్ హాంబ్లిన్‌నే అడిగితే, ఎక్కడ చదివానో గుర్తులేదన్నాడాయన. పొపాయ్ సంగతీ అంతే. 1932 నాటి ఒక స్ట్రిప్‌లో తాను పాలకూర తినేది విటమిన్ ఎ కోసమని ఆయనగారే చెబుతాడు.

ఆధారం చూడకుండా రాస్తే ఏమవుతుందో హెచ్చరించడానికి వాడే కథకే ఆధారం లేకుండా పోయింది. పైగా ఇది వాట్సాప్‌లో తిరిగిన సంగతి కాదు. పేరున్న జర్నళ్లలో, ఫుట్‌నోట్లతో సహా, దశాబ్దాలపాటు ఒకరి నుంచి ఒకరికి చేరిన మాట.

సరే, పాలకూరలో ఇనుము ఎంత? హైదరాబాద్‌లో పోషకాహారం మీద సెమినార్ పేపరు రాసే విద్యార్థి ఈ అంకె కోసం వెతికితే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరుతోనే మూడు జవాబులు దొరుకుతాయి. ఆ సంస్థ ప్రచురించిన ఆహార విలువల పుస్తకం పాత ముద్రణల నుంచి పాఠ్యపుస్తకాలకెక్కిన అంకె 100 గ్రాములకు 10.9 మిల్లీగ్రాములు. తర్వాత సవరించిన ముద్రణల్లో 1.14. కొత్తగా విశ్లేషణలన్నీ చేసి 2017లో వెలువరించిన ‘ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్’లో దాదాపు 3. మొదటి రెంటికీ తేడా ఇంచుమించు పదిరెట్లు ఉండటం చూస్తే నవ్వొస్తుంది, కానీ ఇక్కడా చుక్క జరగలేదు. ఆకుకు అంటిన మట్టిలోనూ ఇనుము ఉంటుంది. ఎలా కడిగారు, ఏ పద్ధతిలో కొలిచారు, పచ్చి ఆకా, ఎండిన ఆకా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కాబట్టి పేపర్లో ‘జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం’ అని రాస్తే సగం సంగతే చెప్పినట్టు. ఏ ముద్రణ, ఏ సంవత్సరం, పచ్చి ఆకు బరువు మీదా కాదా అన్నవి చెబితేనే చదివేవాడికి ఆ అంకెతో పని జరుగుతుంది. పేరున్న సంస్థ సైటు దొరికింది కదా అని ఊరుకుంటే మూడింట్లో ఏదో ఒకటి చేతికొస్తుంది, ఏదన్నది అదృష్టం.

ఏ సైటు నమ్మదగ్గది అని విద్యార్థులు అడుగుతారు, అధ్యాపకులు ఒక జాబితా ఇస్తారు. విశ్వవిద్యాలయం సైటు మంచిది, ప్రభుత్వానిది మంచిది, డాట్ ఆర్గ్ ఫరవాలేదు, డాట్ కామ్‌తో జాగ్రత్త అన్న సూత్రం ఇప్పటికీ చాలా కాలేజీల్లో నడుస్తోంది. నా దృష్టిలో అసలు అడగాల్సింది వేరు. ఈ మాట మొదట ఎవరన్నారు, ఏం చూసి అన్నారు, నేను ఆ పేజీదాకా వెళ్లానా?

డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ సంగతి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన ఒక ప్రయోగంలో బాగా బయటపడింది. 2017లో వెలువడిన ఆ అధ్యయనంలో 45 మంది పాల్గొన్నారు: పీహెచ్‌డీ ఉన్న చరిత్రకారులు 10 మంది, పత్రికల్లో నిజనిర్ధారణ చేసేవాళ్లు 10 మంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 25 మంది. వాళ్లకు రెండు సైట్లు చూపించారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌ది. వేలాది మంది పిల్లల వైద్యులు సభ్యులుగా ఉన్న పాత సంఘం అది. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్‌ది. స్వలింగ దంపతుల దత్తత విషయంలో విభేదించి 2002లో చీలిపోయిన చిన్న గుంపు అది. సైటు మాత్రం నదురుగా ఉంటుంది, డాట్ ఆర్గ్, రిఫరెన్సులు, డాక్టర్ల పేర్లు అన్నీ ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదాన్నే నమ్మారు. చరిత్రకారులు తటపటాయించారు. నిజనిర్ధారకులు మాత్రం ఒక్కరూ తడబడలేదు. వాళ్లు చేసిందల్లా ఆ పేజీని తీరిగ్గా చదవకపోవడమే. క్షణాల్లో దాన్ని వదిలి, కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తన గురించి తాను చెప్పుకునే పేజీలో తన లోపం ఎవరూ రాసుకోరు కదా. శ్రద్ధగా చదవడం సద్గుణమని నేర్పించిన మనకు ఇది కొంచెం మింగుడుపడదు. చదవాల్సినదేదో తేలాక శ్రద్ధగా చదవాలి, తేల్చుకునేదాకా పైపైన చూస్తేనే మేలు.

ఇక మూలందాకా వెళ్లేవాళ్లు నిజంగా ఎంతమంది? కాలిఫోర్నియాలోని మిఖాయిల్ సిమ్‌కిన్, వ్వాణి రాయ్‌చౌధురి 2003లో ఒక తమాషా దారిలో దీన్ని అంచనా వేశారు. భౌతికశాస్త్రంలో పేరుమోసిన ఒక పత్రాన్ని సుమారు 4,300 సార్లు ఉటంకించారు. వాటిలో 196 చోట్ల సంపుటం, పేజీ, సంవత్సరం వంటివి తప్పుగా ఉన్నాయి. విడివిడిగా చూస్తే మాత్రం ఆ తప్పులు 45 రకాలే. ఒకే ఒక్క తప్పు పేజీ సంఖ్య 78 సార్లు వచ్చింది. అన్ని చేతులు విడివిడిగా అదే తప్పు టైపు చేయలేవు. పక్కవాడి రిఫరెన్సుల జాబితాలోంచి ఎత్తి రాసుకుంటేనే అలా జరుగుతుంది. దీన్ని బట్టి వాళ్లు కట్టిన లెక్క ప్రకారం ఉటంకించినవాళ్లలో అసలు పత్రం చదివినవాళ్లు ఐదో వంతు మాత్రమే. ఈ లెక్కలో ఊహలు లేకపోలేదు. జాబితా కాపీ చేసినవాళ్లలో కొందరు పత్రం చదివే ఉండొచ్చు. అయినా 78 అన్న అంకె చెప్పాల్సింది చెబుతూనే ఉంది.

పేజీ సంఖ్య తప్పు పోతే పోనీ అనుకోవచ్చు. అర్థమే తప్పుగా ప్రయాణిస్తే? 1980 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ సంపాదకుడికి ఇద్దరు ఒక ఉత్తరం రాశారు. మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో చేరినప్పుడు మత్తు కలిగించే నొప్పి మందులు కనీసం ఒకసారైనా తీసుకున్న 11,882 మంది రికార్డులు చూశామనీ, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో కొత్తగా అలవాటుపడినట్టు నమోదైనవి నాలుగే కేసులనీ దాని సారం. రోగులు ఆసుపత్రిలో, నర్సుల కళ్ల ముందు ఉన్నవాళ్లు. ఇంటికెళ్లాక ఏమైందో ఉత్తరం చెప్పలేదు. ఇది పరిశోధనా పత్రం కాదు, పద్ధతి వివరాలు లేవు, ఒక పరిశీలన మాత్రమే.

1990లలో ఆక్సికాంటిన్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులు మార్కెట్లోకి దిగాక ఈ ఐదు వాక్యాలకు పెద్ద డిమాండ్ వచ్చింది. నెలలు, ఏళ్ల తరబడి ఇళ్లలో మాత్రలు మింగే రోగులకూ వ్యసనం భయం లేదనడానికి దీన్నే సాక్ష్యంగా చూపారు. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉటంకించినట్టు తేలింది. 72 శాతం చోట్ల దాన్ని వ్యసనం అరుదు అనడానికి రుజువుగా వాడారు. 80 శాతానికి పైగా రచయితలు అది ఆసుపత్రి రోగుల గురించి అన్న ముక్కనే వదిలేశారు. అమెరికాలో లక్షల ప్రాణాలు తీసిన ఓపియాయిడ్ విపత్తుకు కారణాలు అనేకం. వాటిలో ఇదీ ఒకటని ఆ పరిశోధకులు తేల్చారు. ఐదు వాక్యాలు చదవడానికి ఒక నిమిషం చాలు. జర్నల్ గొప్పది, రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, అంకె సరైనదే. ఏ ‘నమ్మదగ్గ సైట్ల జాబితా’ పెట్టి జల్లెడ పట్టినా ఇది నిక్షేపంగా కిందికి దిగుతుంది.

మూలందాకా పైకి ఎక్కే దారి ఇప్పుడు మునుపటికన్నా సులువు. గూగుల్ స్కాలర్ 2004 నవంబరులో మొదలైంది. దాన్ని కట్టినవాళ్లలో ఒకరు అనురాగ్ ఆచార్య, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదువుకున్నవాడు. ఒక పత్రం కింద కనబడే ‘సైటెడ్ బై’ లంకె నొక్కితే తర్వాత దాన్ని ఎవరెవరు వాడుకున్నారో వస్తుంది. పత్రం చివరి రిఫరెన్సులు వెనక్కి తీసుకెళ్తే ఈ లంకె ముందుకు తీసుకెళ్తుంది. రెండూ కలిస్తే ఒక మాట తిరిగిన దారంతా కళ్లముందుంటుంది. ఈ ఆలోచన గూగుల్‌ది కాదు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో అచ్చువేసిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లోనే ఉంది, అప్పుడది లావుపాటి సంపుటాల్లో ఉండేది.

స్కాలర్‌లో కనిపించడమే యోగ్యతాపత్రం అనుకోకూడదు. అది యంత్రం పోగుచేసేది, చదివి ఎంచేది కాదు. 2012లో స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. లేని రచయిత పేరుతో ఆరు దొంగ పత్రాలు తయారుచేసి, ఒక్కోదాంట్లో తమ బృందం రాసిన 129 పత్రాల్నీ ఉటంకించి, విశ్వవిద్యాలయ సైటులో పెట్టారు. స్కాలర్ వాటిని మింగి, 774 కొత్త ఉటంకింపుల్ని వాళ్ల ఖాతాలో వేసింది. ఆ లేని రచయితకు పెట్టిన పేరు పంతానీ-కొంతాదోర్, డోపింగ్ ఆరోపణలు ఎదుర్కొన్న ఇద్దరు సైకిల్ వీరులది. వైద్య, జీవశాస్త్రాలకు పబ్‌మెడ్ ఉంది, 3 కోట్ల 70 లక్షలకు పైగా పత్రాల వివరాలతో. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం నడుపుతుంది కనుక అందులో ఉన్నదంతా ఆ ప్రభుత్వం ఆమోదించినదే అనుకునేవాళ్లున్నారు. నిజానికి పబ్‌మెడ్ లోపల మెడ్‌లైన్ అనే భాగానికి మాత్రమే జర్నళ్లను నిపుణుల సంఘం ఎంపిక చేస్తుంది. మిగతావి వేరే దారుల్లో చేరతాయి.

దారి దొరికినా తలుపు తెరుచుకోవాలి. ఒక్క పత్రానికి మూడు నాలుగు వేల రూపాయలు కట్టమనే పేజీ ముందు ఆగిపోయి, పైనున్న సారాంశం మాత్రం చదివి ఉటంకించేయడం మన దగ్గర మామూలు. సారాంశంలో ‘గణనీయమైన తగ్గుదల’ అని ఉంటుంది. ఎంతమందిలో, ఎన్నాళ్లకు, దేనితో పోలిస్తే అన్నది లోపలి పట్టికల్లో ఉంటుంది. ఇప్పుడు ఆ సాకు కొంత తగ్గింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు 6,300 ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధనా సంస్థలకు 2025 నుంచి అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేటు కాలేజీ విద్యార్థికి ఇది వర్తించదు, మన రెండు రాష్ట్రాల్లో వాళ్ల సంఖ్య తక్కువేం కాదు. వాళ్లకు మిగిలిన మార్గం రచయితకు మర్యాదగా ఒక ఈమెయిల్. పత్రం తొలి పేజీలోనే చిరునామా ఉంటుంది, చాలామంది పీడీఎఫ్ పంపేస్తారు. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగాలో 5 లక్షలకు పైగా ఉచితంగా ఉన్నాయి. వాటి నాణ్యత రకరకాలుగా ఉంటుంది. తెలుగు సాహిత్యం మీదో, జిల్లా చరిత్ర మీదో పనిచేసేవాళ్లకు ఆ గ్రంథాల చివర ఉండే ఆకరాల జాబితాలే పెద్ద నిధి.

పాత పత్రాలైతే చాలావరకు తలుపులు తెరిచే ఉన్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటంలో రాసిన పత్రం ఈరోజు ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నది ఆయనే అని తెలుగు వ్యాసాలు తరచూ రాస్తాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లోనే దాన్ని ప్రకటించాడు. ఫిస్కే, సుబ్బారావుల పత్రం అదే ఏడాది ‘సైన్స్’లో వచ్చింది. రెండు పత్రాలూ, వాటి తేదీలూ చూసినవాడు ఆ వాక్యాన్ని మార్చి, ఇరుపక్కలవాళ్లూ దాన్ని విడివిడిగా కనుగొన్నారని రాస్తాడు. సుబ్బారావుగారి గొప్పతనానికి దానివల్ల వచ్చే లోటేమీ లేదు.

జర్నల్‌లో అచ్చయిందంటే తోటి నిపుణులు పరిశీలించినట్టే అన్న నమ్మకం మీద ఒక దొంగ వ్యాపారం పెరిగింది. డబ్బు కట్టించుకుని, చదవకుండానే అచ్చేసే జర్నళ్లివి. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి, లైకెన్‌లోంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాల్ని ఆపుతుందంటూ ఒక నకిలీ పత్రం తయారుచేశాడు. ఇంటర్ రసాయనశాస్త్రం వచ్చినవాడు పట్టుకోగల తప్పులు కావాలని పెట్టాడు. 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే, ‘సైన్స్’లో ఆయన కథనం వచ్చేనాటికి 157 ఒప్పుకున్నాయి, 98 తిరస్కరించాయి. పంపినవాటిలో మూడో వంతు భారత్ నుంచి నడిచేవి. వాటిలో 64 ఒప్పుకోగా 15 మాత్రమే కాదన్నాయి.

ఇందులో మన ఊరి పాత్ర దాచుకునేది కాదు. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల సమీక్ష జరుగుతుందని తప్పుడు ప్రచారం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకోవడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం అన్నవి ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. సంస్థ ఆ ఆరోపణల్ని తోసిపుచ్చుతూ వచ్చింది. ఇటువంటి జర్నళ్లకు గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పదోన్నతికి ఇన్ని పత్రాలు, పీహెచ్‌డీ సమర్పణకు ఇన్ని అని నిబంధన పెట్టి, చదవకుండా లెక్కపెట్టిన వ్యవస్థ మనదే.

జాబితాలతో దీన్ని ఆపాలని చూశారు. కొలరాడో లైబ్రేరియన్ జెఫ్రీ బీల్ దొంగ ప్రచురణకర్తల జాబితా నడిపి 2017 జనవరిలో తీసేశాడు. మన యూజీసీ మంచి జర్నళ్ల జాబితా చేసింది. అందులోకే దొంగలు జొరబడటంతో 2018 మేలో 4,305 జర్నళ్లను ఒక్కసారిగా తొలగించింది. తర్వాత వచ్చిన కేర్ జాబితాను 2025లో ఎత్తేసి, జర్నల్‌ను ఎంచుకునే బాధ్యత విశ్వవిద్యాలయాలకే వదిలింది. మధ్యలో క్లోన్ సైట్ల బెడద ఒకటి, అసలు జర్నల్ పేరు, గుర్తింపు సంఖ్య యథాతథంగా పెట్టుకుని వేరే చిరునామాలో డబ్బు దండుకునేవి. ఇంతా చేసి, జాబితాలో ఉన్న జర్నల్‌లో పనికిరాని పత్రం రావచ్చు, లేని జర్నల్‌లో మంచిదీ రావచ్చు. పత్రం ఏ పద్ధతిలో, ఏ సమాచారంతో చేశారో చదవకుండా తప్పించుకునే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మంచి జర్నల్‌లో వచ్చి, తర్వాత రద్దయినవాటి సంగతి మరీ విచిత్రం. కోవిడ్ కాలంలో 2020 మే 22న ‘లాన్సెట్’లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పత్రం వచ్చింది, 671 ఆసుపత్రుల్లో 96,032 మంది రోగుల సమాచారంతో. దాన్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగాల్లో ఒక భాగాన్ని ఆపింది. ఆ సమాచారాన్ని బయటివాళ్లకు చూపించలేక రెండు వారాలు తిరక్కుండానే, జూన్ 4న, పత్రాన్ని ఉపసంహరించారు. ఉపసంహరించిన పత్రం మాయం కాదు. పీడీఎఫ్‌లు కంప్యూటర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో, వేరే సైట్లలో పాత రూపంలోనే ఉంటాయి. జీవవైద్య రంగంలో ఉపసంహరణ తర్వాత వచ్చిన 13 వేలకు పైగా ఉటంకింపుల్ని పరిశీలించిన 2021 నాటి అధ్యయనంలో, పత్రం రద్దయిందని ప్రస్తావించినవి 5.4 శాతమే. కాబట్టి ఉటంకించే ముందు పత్రాన్ని ప్రచురణకర్త సైటులో మళ్లీ తెరవాలి. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లోనూ వెతకాలి. క్రాస్‌రెఫ్ సంస్థ 2023లో దాన్ని కొని అందరికీ ఉచితంగా తెరిచింది. సమీక్షకు ముందే అప్‌లోడ్ చేసే ప్రీప్రింట్లు వాడకూడదని కాదు. ప్రీప్రింట్ అని రాయాలి, తర్వాత అచ్చయిందా, మారిందా అన్నది చూడాలి.

ఇప్పుడు కొత్త చిక్కు, అసలు లేని రిఫరెన్సులు. ఇవి చాట్‌బాట్‌లతో పుట్టలేదు. ‘వాన్ డెర్ గీర్, 2000, ది ఆర్ట్ ఆఫ్ రైటింగ్ ఎ సైంటిఫిక్ ఆర్టికల్’ అనే పత్రాన్ని దాదాపు 400 సార్లు ఉటంకించారు. అటువంటి పత్రం లేదు, ఆ జర్నలూ లేదు. రిఫరెన్సు ఏ రూపంలో రాయాలో చూపడానికి ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ ఇచ్చిన నమూనా అది, చాలామంది దాన్ని చెరపకుండా వదిలేశారు. చాట్‌బాట్‌ల వెనకుండే భాషా నమూనాలు ఈ పనిని పెద్దఎత్తున చేస్తున్నాయి. అవి వాటంతటవిగా గ్రంథాలయంలోకి వెళ్లి పుస్తకం తీసి చూడవు. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసి వాక్యం అల్లుతాయి. ఆ రంగంలో నిజంగా ఉన్న రచయితల పేర్లు, నిజమైన జర్నల్ పేరు, నప్పే సంవత్సరం కలిసి అచ్చం రిఫరెన్సులా కనిపిస్తాయి. 2023లో న్యూయార్క్ కోర్టులో ఆవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పుల్ని సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు.

దీనికి విరుగుడు, పత్రానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐ. 10 అంకెతో మొదలయ్యే ఆ సంఖ్యను డీఓఐ డాట్ ఆర్గ్ తర్వాత అతికిస్తే అసలు పత్రం పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే అనుమానించాలి. తెరుచుకుని ఇంకేదో పత్రం కనిపిస్తే, కల్పిత రిఫరెన్సుకు నిజమైన సంఖ్య తగిలించారన్నమాట. కొన్ని పాత పత్రాలకు, చాలా తెలుగు పుస్తకాలకు డీఓఐ ఉండదు. అక్కడ లైబ్రరీ క్యాటలాగు చూడాలి, లేదా పుస్తకమే చేతిలోకి తీసుకోవాలి.

వికీపీడియాను వాడొద్దని చెప్పే అధ్యాపకులు దాని అడుగుభాగాన్ని మరిచిపోతున్నారు. వ్యాసం పైభాగం ఉటంకించదగ్గది కాకపోయినా కింది ఫుట్‌నోట్లు మంచి మెట్లు. ఆ మెట్లు గుండ్రంగా తిరిగి మొదటికే రావచ్చు కూడా. 2008లో ఒక అమెరికన్ కుర్రాడు కోఆటి అనే దక్షిణ అమెరికా జంతువు వికీపీడియా పేజీలో, దీన్ని బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారని సరదాగా చేర్చాడు. బ్రిటిష్ పత్రికలు ఆ పేరు వాడాయి, ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం పుస్తకంలోకీ ఎక్కింది. తర్వాత వికీపీడియాలో ఆ పేరుకు ఆధారంగా పత్రికా కథనాన్నే చూపారు. రెండు ఆధారాలు ఒకే మాట చెబుతున్నాయంటే, రెండూ ఒకే చోటునుంచి ఎత్తినవి కావచ్చేమో చూసుకోవాలి.

దొరికినదాన్ని దాచుకోవడం ఆఖరి పని, అందరూ అలసిపోయి వదిలేసేది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు కనిపించకుండా పోయాయని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో లెక్క చెప్పింది. ప్రభుత్వ శాఖల సైట్లు కొత్త రూపం దిద్దుకున్నప్పుడల్లా పాత జీవోల, నివేదికల లింకులు పోతూనే ఉంటాయి. చూసిన తేదీ రాసుకోవడం మంచిదే, కానీ పేజీ పోయాక ఆ తేదీతో ఎవరూ ఏమీ చేయలేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ అనే పెట్టెలో లింకు వేస్తే ఆ క్షణాన పేజీ ఎలా ఉందో నకలు తీసి, దానికి వేరే చిరునామా ఇస్తుంది. ఆ చిరునామాలోనే 14 అంకెల్లో ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఉంటాయి. అసలు లింకు పక్కన దాన్నీ రిఫరెన్సులో రాస్తే, రెండేళ్ల తర్వాత వైవాలో ఈ అంకె ఎక్కడిదని పరీక్షకుడు అడిగినా అదే పేజీ తెరిచి చూపించవచ్చు.